జెండా పండుగకు క్యాంపర్ వ్యాన్ వేసుకొని జవాను ఊరికి పోవాలంటే

మా మామ ఆర్మీల పదిహేడేండ్లు చేసి హవల్దార్‌గా దిగిండు. ఆయనతోటి ఒక్కనాడే భర్తీ అయిన దోస్తు ఒకాయన బార్డర్ల చనిపోయిండు, ఆ దోస్తుది దేవరకొండ దిక్కు చిన్న ఊరు. ప్రతి ఏడు జెండా పండుగకు మామ ఆ ఊరికి పోతడు. మొదట బస్సుల పోయేది, తర్వాత మా కారుల పోయినం, ఒకసారి ఆరుగురం పోతే ఆ దోస్తు వాళ్ళ అమ్మ రాత్రి పదకొండు దాకా మాకు రొట్టెలు కొడ్తనే ఉంది, ఉన్న రెండు మంచాలు మాకిచ్చి వాళ్ళు అర్రల కింద పండుకున్నరు. పొద్దున లేచి చూస్తే నాకు తలకాయ తీసేసినట్టయింది. కొడుకును తలుచుకోనీకి వచ్చి ఆ ముసలోళ్ళ మీద పడ్డం కదా అనిపించింది. అప్పటి నుంచి కిరాయికి క్యాంపర్ వ్యాన్ తీసుకొని పోతున్నం. పడక మనదే, పొయ్యి మనదే, బాత్రూం కూడ మనదే, వాళ్ళు ఒక గంట కూసోమంటే కూసుంటం, అలిసిపోయిన్రనిపిస్తే లేచి బండిలకు వచ్చేస్తం. మూడేండ్లల చేసిన తప్పులు, నేర్చుకున్నవి అన్ని కలిపి రాస్తున్న, ఎవరికన్న పనికొస్తది.

ముందుగాల ఏ తారీకుకు పోవాలె అనేది. ఆగస్టు 15కు, జనవరి 26కు సెలవు ఉంటది కాబట్టి అందరం అప్పుడే బయలుదేరుతం. జూలై 26 కార్గిల్ విజయ్ దివస్, డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం, ఈ రెండింటికి సెలవు ఉండదు, లీవు పెట్టుకోవాలె. పతాక దినం 1949 నుంచి నడుస్తుంది, ఆ రోజు ఇచ్చే చందాలు జవాన్ల కుటుంబాలకు, మాజీ సైనికులకు పోతయి. ఇగ ఏ ఇంటికి పోతున్నమో వాళ్ళకు అసలు రోజు అంటే కొడుకు పోయిన రోజే. ఆ రోజు చుట్టాలు, కార్యం, ఏడుపులు అన్ని ఉంటయి, మనం కొత్తోళ్ళమైతే ఆ రోజు పోవద్దని మామ అంటడు, నాకు కూడ అదే కరెక్ట్ అనిపిస్తది. జెండా పండుగ నాడు ఊరంతా బయటనే ఉంటది, బడి పిల్లలు ఉంటరు, వాళ్ళకు కూడ మనసు కొంచెం తేలికగ ఉంటది.

తెలిసిన ఇల్లు ఎవ్వరిది లేకపోతే సూర్యాపేట నుంచి మొదలుపెట్టండి. కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు ఊరు అది, 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌ల చైనావాళ్ళతోటి కొట్లాటల చనిపోయిండు, ఆ రాత్రి మనవాళ్ళు ఇరవై మంది పోయిన్రు. ఆయనకు తర్వాత మహావీర్ చక్ర ఇచ్చిన్రు, సరిగ్గ ఏడాదికి 2021 జూన్ 15న సూర్యాపేటల విగ్రహం పెట్టిన్రు. విగ్రహం టౌన్ నడిమధ్య చౌరస్తల ఉంది, తొమ్మిది ఫీట్ల ఎత్తు క్యాంపర్ బండిని ఆడికి తోలకండి, దూరంగ పెట్టి నడిచి పోండి. పేరున్నోళ్ళ ఇంటికి మాత్రం పిలవకుండ పోవద్దు, విగ్రహం కాడ దండం పెట్టి రావుడే మర్యాద. పేపర్ల పేరు రాని సిపాయిల ఊర్లు మన జిల్లాలల్ల ఇంకా ఉన్నయి, అట్లాంటి ఇల్లు కనుక్కోవాలంటే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు పోయి మీ నంబర్ ఇచ్చి, ఆ కుటుంబాన్ని అడిగి వాళ్ళకు ఇష్టమైతేనే చెప్పమనండి. ఊర్ల ఎవరన్న మాజీ సైనికుడు తెలిస్తే ఇంకా మంచిది.

ఒక తమాషా, మా దిక్కు ఊర్లల్ల "అమరవీరుల స్తూపం ఏడ?" అని అడిగితే ఎర్ర స్తూపం చూపిస్తరు, అది సాయుధ పోరాటంల పోయినోళ్ళది, లేకపోతే తెలంగాణ కోసం పోయినోళ్ళది. అవి కూడ దండం పెట్టాల్సినవే, గని మీరు వెతికేది అది కాదు. "మిల్ట్రీ ఆయన విగ్రహం" అని అడగండి, చిన్నపిల్లగాడు కూడ తోలుకపోతడు.

ఇగ బండి. మా దిక్కు దొరికేవి ఎక్కువ ట్రావెలర్ వ్యాన్‌ను మార్చి చేసినవి. సెల్ఫ్ డ్రైవ్‌కు ఇచ్చే బండికి నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలు ఉండాలె. తెల్ల ప్లేట్ బండిని "మా ఫ్రెండ్‌ది అని చెప్పు సార్" అనుకుంట కిరాయికిస్తరు కొందరు, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ రాదు, అట్లాంటిది ముట్టుకోవద్దు. సీట్లు పీకి మంచాలు పెట్టిన బండి అయితే ఆ మార్పు ఆర్సీల ఎక్కిందా లేదా అడిగి కళ్ళతోటి చూడండి. లైసెన్స్ ఎల్ఎంవీ (కారు అసుంటి తేలిక బండ్లది) ఉంటే 7,500 కిలోల లోపు బండ్లు నడపొచ్చు, పెద్ద బస్సు సైజ్‌ది అయితే వేరే లైసెన్స్ కావాలె. బండి ఎత్తు ఎంతనో చిట్టీ మీద రాసి స్టీరింగ్ ముందట అంటించండి, ఎందుకంటే ఊర్లల్ల కరెంటు తీగలు, యాపకొమ్మలు మస్తు కిందికి ఉంటయి. ఆగస్టుల వాన పడితే రైల్వే అండర్ బ్రిడ్జిల నీళ్ళు నిలుస్తయి, ముందట పోయే ట్రాక్టర్ దాటిందని మీరు దిగకండి.

గ్యాస్‌కు 5 కిలోల చిన్న సిలిండర్ చాలు, పెట్రోల్ బంకులల్ల దొరుకుతది. బండి నడిచేటప్పుడు వాల్వ్ బంద్, వండేటప్పుడు తలుపు తెరిచి పెట్టాలె, ఇది మాత్రం మర్చిపోవద్దు. తాగే నీళ్ళు కొంచెం ఆలోచించాలె, నల్లగొండ బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ సంగతి అందరికి తెలిసిందే, బోరు నీళ్ళు గిన్నెలు కడగనీకి వాడుకోండి, తాగనీకి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు పెట్టుకోండి.

మురికి నీళ్ళ గురించి జర ఎక్కువ చెప్తా, ఇజ్జత్ పోయిన ముచ్చట ఇది. పోయినేడు కిరాయి బండి పొద్దుమీకి తీసుకున్నం, కింద టాంక్ చూడలే, ఓనర్ కూడ ఏం చెప్పలే. ఆ అమ్మ "మా ఇంటి ముందటనే పెట్టుండ్రి బిడ్డా" అంటే సంబురంగ వాకిట్ల పెట్టినం. పొద్దున ఐదున్నరకు లేచి చూస్తే, ఆమె అప్పటికే లేచి అలుకు చల్లి, పండుగని ముగ్గేసి మూడు రంగులు నింపింది. మా సింక్ పైపు నుంచి పప్పు కడిగిన నీళ్ళు సన్నగ కారుకుంట వచ్చి ముగ్గు నడుమల నుంచి పారింది, కాషాయం పోయి పచ్చల కలిసింది. మా అత్తమ్మ ఆ నీళ్ళు ఊడ్చుకుంట ఒక్కతీరుగ తిట్టింది మమ్ముల. ఆ అమ్మ నవ్వి మళ్ళ చల్లి మళ్ళ ఏసింది, గని ఆమె నడుము పట్టుకొని లేసిన తీరు నాకు ఇప్పటికి కండ్లల్ల ఉంది. అందుకే బండి తీసుకునేటప్పుడు బకెట్ నీళ్ళు సింక్‌ల పోసి పది నిముషాలు కింద వంగి చూడండి. పైపు మూతి కింద ఒక డబ్బా కట్టండి. ఎవరి వాకిట్ల పెట్టకండి, బడి గ్రౌండ్ కాడనో పంచాయతీ ఆఫీస్ పక్కనో సర్పంచిని గాని సెక్రటరీని గాని అడిగి పెట్టండి, బడి అయితే పొద్దున జెండా టైంకు అడ్డం లేకుండ మూలకు. పోర్టబుల్ టాయిలెట్ డబ్బాను చెరువు గట్టుకో వాగుకో తీసుకపోవుడు బంద్, టాయిలెట్ ఉన్న కాడ అడిగి అండ్లనే పొయ్యాలె.

బండి పెట్టే నేల చూసుకోండి. ఎర్ర చెల్క, మొరం అయితే వాన పడ్డా ఏం కాదు. నల్లరేగడిల పెడితే రాత్రి ఒక్క జల్లు చాలు, పొద్దున ట్రాక్టర్ కోసం ఊరంతా తిరగాలె.

జెండా సంగతి. అందరు చేసే తప్పు, బండి బానెట్ మీద పెద్ద జెండా పరిచి కడ్తరు, వీడియోలు తీస్తరు. అట్ల బండి ముందట, పైన, పక్కల, వెనక జెండా కప్పొద్దు, 2002 నాటి ఫ్లాగ్ కోడ్‌ల సాఫ్‌గ రాసి ఉంది, 1971 చట్టం కింద జెండాను అవమానిస్తే మూడేండ్ల దాకా జైలు కూడ ఉంది. కారు మీద జెండా కట్టుకునే హక్కు రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు అసుంటోళ్ళకే. మనకు ఎగరేసుకునే హక్కు లేదని కాదు, 2022 నుంచి ఇంటి మీద రాత్రి కూడ ఉంచొచ్చు, కాకపోతే చినిగింది, మాసింది ఎగరేయొద్దు, నేలకు తాకొద్దు. మేమైతే బండికి ఏం కట్టం, బడిల ఎగరేసే జెండా కాడనే నిలబడ్తం. కార్యక్రమం అయినంక పిల్లలు పారేసిన కాగితం జెండాలు ఏరి సంచిల వేసుకొని వస్తం, మా చిన్నోడి డ్యూటీ అది.

విగ్రహం కాడ పని ముందురోజు సాయంత్రమే చేసుకోవాలె. చాలా ఊర్లల్ల సిమెంట్ విగ్రహమే ఉంటది, ఆకుపచ్చ రంగు వేసి. పోయినేటి దండలు ఎండి మెడకు అంటుకొని ఉంటయి, అవి తీసి, ఉత్త నీళ్ళతోటి మెత్తటి బట్టతోటి కడగాలె, సబ్బులు, బ్రష్‌లు వద్దు, రంగు లేస్తది. రంగు పోయిందని మీరే డబ్బా తెచ్చి పూయకండి, ముక్కు మీసం మారిపోతే తల్లి చూసి ఏమనుకుంటది, ఇంటోళ్ళను అడిగి ఊర్ల పెయింటర్‌కు పైసలు ఇచ్చి రాండి. పాలాభిషేకం చేస్తమంటరు కొందరు, తెల్లారే సరికి చీమలు పడ్తయి, వద్దని నేనంట. క్యాంపర్ల మడత నిచ్చెన ఉంటది కదా, దండ వేయనీకి అది మస్తు పనికొస్తది, చెప్పులతోటి దిమ్మె మీద ఎక్కే పని ఉండదు. మనం సెల్యూట్ కొట్టాల్సిన పని లేదు, దండం చాలు. మా మామనే నెత్తికి టోపీ లేకపోతే సెల్యూట్ చెయ్యడు, సావధాన్‌ల నిలబడ్తడు అంతే, రెండు నిముషాలు, కదలడు.

ఇంట్ల ఎట్ల ఉండాలె అంటే, చెప్పేది తక్కువనే. "ఎట్ల చనిపోయిండు" అని అడగొద్దు, వాళ్ళే ఎత్తితే వినాలె. "ప్రభుత్వం ఎంతిచ్చింది, భూమి ఇచ్చిన్రా" అని అడిగేటోళ్ళను నేను చూసిన, సిగ్గుండాలె. మొదటి ఏడు ఆ అమ్మ లోపలికి తీసుకపోయి నల్ల పెట్టె చూపించింది, పెట్టె మీద తెల్ల పెయింట్‌తోటి ఆయన నంబర్, పేరు, పేరుల ఒక అక్షరం కొట్టేసి మళ్ళ రాసింది. లోపట ఊలు స్వెట్టర్, షేవింగ్ డబ్బా, ఇంటికి రాసి పోస్ట్ చెయ్యని ఇన్‌లాండ్ లెటర్ ఒకటి. ఆమెకు చదువు రాదు, మామను చదవమన్నది. అండ్ల బోరు పడిందా, చెల్లె పుస్తెలకు ఎంతైతది అనే ఉంది. ప్రతి ఏడు అదే చదివిస్తది, మామ ప్రతి ఏడు కొత్తగ చదివినట్టే చదువుతడు. మీకు కూడ అట్లాంటిది చూపిస్తే ఫోన్ జేబుల పెట్టుకోండి.

ఇంకోటి, ఆయన భార్యను మర్చిపోవద్దు. ఆర్మీల వీరనారి అంటరు, ఊర్ల మాత్రం బొట్టు పెట్టే కాడ, దండ వేసే కాడ ఆమెను వెనుకకు నెడ్తరు. మీరు పోయినప్పుడు మొదటి దండ ఆమెతోటే వేయించండి, ఎవరన్న ముసలామె గునిగితే గునగనీయండి. కానుక అంటే పండ్లు, పిల్లలుంటే నోటుబుక్కులు, అంత చాలు. పైసలు ఇయ్యాలనుకుంటే చేతుల పెట్టకుండ పతాక దినం నిధికి ఇవ్వండి, చనిపోయినాయన సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ అసుంటి దళాలల్ల ఉంటే భారత్ కే వీర్ పోర్టల్‌ల ఉంటది.

తిరుగుడు ఆ తర్వాతనే. జెండా కార్యక్రమం పొద్దున అయిపోతది, మధ్యాహ్నం తిని బయలుదేరితే కొండమల్లేపల్లి మీదికెళ్ళి సాగర్ పోవచ్చు. పైన వరద ఉండి గేట్లు ఎత్తిన్రంటే ఆ రోజు పోకండి, సాగర్ డ్యాంకు 26 గేట్లు, చూడనీకి వచ్చిన కార్లు మాత్రం లెక్కలేనన్ని, తెల్లారి ఏడు లోపల చేరండి. శ్రీశైలం దిక్కు అయితే డిండి మీదుగ, మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బంద్, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కాబట్టి అడవిల బండి ఆపి పండుకునుడు అసలు కుదరదు. డిండి దిక్కునో అచ్చంపేటలనో రాత్రి ఆపుకొని పొద్దున పోండి. కోతులు నిచ్చెన పట్టుకొని బండి మీదికి ఎక్కుతయి, పైన వెంటిలేటర్ మూత బిగించండి. మహబూబ్‌నగర్ దిక్కు ఇల్లు ఉన్నోళ్ళకు పిల్లలమర్రి పెద్ద మర్రిచెట్టు, కోయిల్‌సాగర్ డ్యాం రెండు దగ్గరనే, ఒక్క పూటల అయిపోతయి.

ఇంటికొచ్చినంక తీసిన ఫోటోలల్ల మంచివి రెండు కడిగించి పోస్టుల పంపండి, వాట్సాప్‌ల కాదు, ఆ అమ్మ ఫోన్ బటన్ ఫోన్. పోయినసారి మేము పంపిన ఫోటో నల్ల పెట్టె మూత లోపటి దిక్కు అంటించి పెట్టింది, అండ్ల మా అత్తమ్మ చీపురు పట్టుకొని మమ్ముల తిడుతుంటది.