పాఠం 3: ఏరియేటర్ ఫ్లోట్ ఆయుష్షును లెక్కలోకి తేవడం

ఒక వస్తువులోని సరుకు పారేయకుండా ఎంతవరకు మళ్లీ మళ్లీ వాడకంలో తిరుగుతుందో 0 నుంచి 1 దాకా మార్కు వేయడానికి, కిందటి పాఠంలో భీమవరం వైపు రొయ్యల చెరువులో నీళ్లకు గాలి కలుపుతూ తిరిగే ఏరియేటర్‌ను తేల్చి ఉంచే ప్లాస్టిక్ ఫ్లోట్ ఒకటి తీసుకున్నాం. అంకెలు లెక్క కోసం మనం అనుకున్నవే. బరువు 10 కిలోలు, అందులో రీసైకిల్ ప్లాస్టిక్ 2, కొత్తది 8. పగిలాక 6 కిలోలు తుక్కు కొనేవాళ్ల ద్వారా మళ్లీ కరగడానికి వెళ్తే, మిగతా 4 చెరువు గట్టు పాలు. కొత్తది 8, చెత్త 4, మొత్తం 12. ప్రతి కిలోనూ వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి లెక్కపెట్టాం కాబట్టి 20తో భాగించాం. 0.6 వచ్చింది. ఇది కొత్తగా తెచ్చి చెత్తగా పారేసే వాటా, ఎంత తక్కువైతే మార్కు అంత ఎక్కువ. (కరిగించేటప్పుడు పోయే తరుగు ఐదో పాఠంలో చూద్దాం. అది కలిపితే మార్కు ఇంకొంచెం తగ్గుతుంది.)

ఇప్పుడు ఆయుష్షు. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్, గ్రాంటా డిజైన్ అనే సంస్థలు కలిసి 2015లో తెచ్చిన మెటీరియల్ సర్క్యులారిటీ ఇండికేటర్ అనే ఈ మార్కు లెక్కలో ఇది ఇలా వస్తుంది:

మార్కు = 1 − 0.6 × (0.9 ÷ X)

మన ఫ్లోట్ మన్నిక, అలాంటి ఫ్లోట్ల సగటు మన్నికకు ఎన్ని రెట్లో అదే X. రెండూ సమానమైతే X = 1, మార్కు 0.46. ఉప్పునీళ్లకీ ఎండకీ పగలకుండా, అతుకులు వేయిస్తూ ఒకటిన్నర రెట్లు వాడితే 0.64. అదే మన్నిక పెంచకుండా రీసైకిల్ ప్లాస్టిక్‌ని 2 నుంచి 4 కిలోలు చేస్తే? 10 ÷ 20 = 0.5, మార్కు 0.55 దగ్గరే ఆగుతుంది. అమ్మేవాళ్లు మాత్రం "రీసైకిల్ ప్లాస్టిక్" అన్న మాటే పెద్దక్షరాలతో వేస్తారు.

0.9 ఎందుకంటే, అంతా కొత్త సరుకే, అంతా చెత్తకే పోయే వస్తువుకైనా సగటు మన్నిక ఉంటే 0.1 వస్తుంది. అంతకంటే త్వరగా పాడయ్యేదాన్ని దాని కింద చూపించడానికి చోటుంటుంది. సున్నా దిగితే సున్నాగానే వేస్తారు.

ఇక్కడ జాగ్రత్త. క్రాప్ హాలిడే ప్రకటించి ఏరియేటర్‌ని ఏడాది షెడ్డులో పడేస్తే ఏళ్లు పెరుగుతాయి, పని పెరగదు. అలాంటి వస్తువుకు ఏళ్ల బదులు తిరిగిన గంటలు తీసుకోండి. మనవీ గంటలే, సగటూ గంటలే. ఏళ్లనూ గంటలనూ రెండింటినీ గుణిస్తే ఒకే మేలును రెండుసార్లు లెక్కేసినట్టే. సగటు కూడా మన చెరువుది కాదు, మార్కెట్‌లో అలాంటి వస్తువులన్నిటిదీ.

అభ్యాసం: ఇంటికి వచ్చే 20 లీటర్ల నీళ్ల టిన్నుకు X కట్టండి. ఏళ్లు కాదు, ఎన్నిసార్లు నింపారన్నది తీసుకోండి.