డాక్టర్ హూ మీది విమర్శను ఆస్వాదించడం ఎలా?

చిత్తూరు పల్లెల్లో భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ విని, రాత్రి నాటకం చూసి, మర్నాడు రచ్చబండ మీద పోయినేటి అర్జునుడు తపస్సుమాను ఎక్కిన తీరునూ ఈయేటివాడి తీరునూ పోల్చి వాదించుకునేవారికి విమర్శలోని రుచిని కొత్తగా చెప్పనక్కరలేదు. బీబీసీలో 1963 నవంబరు 23న మొదలై, 1989లో ఆగి, 2005లో మళ్లీ వచ్చిన సైన్స్ ఫిక్షన్ టీవీ ధారావాహిక డాక్టర్ హూ మీది విమర్శను కూడా అదే చెవితో వినాలి.

ముందు ఒక కథను పూర్తిగా చూసి, నచ్చినదీ నచ్చనిదీ రెండు వాక్యాల్లో రాసిపెట్టుకోండి. నేను తిరుపతిలో రాత్రి భోజనమయ్యాక కథ చూసి, తెల్లవారి కాఫీ తాగుతూ విమర్శ చదువుతాను; నా రెండు వాక్యాలు పక్కనే ఉంటాయి కాబట్టి ఎక్కడ విభేదిస్తున్నానో వెంటనే తెలుస్తుంది.

విమర్శకుడు ఏ కాలపు ప్రేక్షకుడో గమనించడం అన్నిటికన్నా ముఖ్యం. 1966లో కథానాయకుడైన డాక్టర్ పాత్రలో విలియం హార్ట్‌నెల్ స్థానంలో పాట్రిక్ ట్రౌటన్ రావడంతో నాయకుడు రూపం మార్చుకునే పద్ధతి మొదలైంది. అందుకే 1974 నుంచి 1981 వరకు నటించిన టామ్ బేకర్‌ను చూస్తూ పెరిగినవారు తరువాతి నటులను తూచే తక్కెడ వేరుగా ఉంటుంది. సెట్టు గోడలు ఊగుతున్నాయని మాత్రమే చెప్పే విమర్శను త్వరగా దాటేయవచ్చు.

1960ల నాటి కొన్ని భాగాల టేపులను బీబీసీయే చెరిపివేసింది. వాటి శబ్దం మాత్రం మిగిలింది కనుక, వాటి మీది వ్యాఖ్యలను ఆ శబ్దం వింటూ, ఆపుకుంటూ చదవండి.