పలకలు కోస్తుంటే చైన్‌సా మొరాయిస్తోందా? పెద్దది కొనకముందు ఇది చూడండి

సమస్య: చైన్‌సా, అంటే మోటార్ రంపం, కొమ్మలు ఇట్టే కోసేస్తుంది, మొద్దుని నిలువునా చీల్చి పలక తీయబోతే మాత్రం మోటార్ గొంతు పడిపోతుంది, చైన్ నిలబడిపోతుంది, కాలిన వాసన. "అన్నా, 58 సీసీ చాలట్లేదు, ఏది కొనమంటావ్?" బెంగళూరులో మే నెల వానలకి నిద్రగన్నేరు చెట్టు ఒకటి కూలిందంటే చాలు, టేబుల్‌కి పలక తీద్దామనుకున్న మనవాళ్ళందరిదీ ఇదే ప్రశ్న.

కొత్త రంపం కోసం పనిముట్ల షాపులుండే ఎస్‌జేపీ రోడ్డుకి బయల్దేరే ముందు కింద పడ్డ పొట్టు గుప్పెడు తీసి చూడండి బాబూ. ఎంత చెప్పినా ఈ ఒక్క పనీ ఎవరూ చేయరు. నిలువుకోతలో పొట్టు ఎలాగూ సన్నగానే వస్తుంది, అయినా వేళ్ళ మధ్య నలిపితే బొంబాయి రవ్వలా గరగరలాడాలి. మైదాలా ఉంటే తప్పు మోటార్‌ది కాదు, చైన్‌ది.

"మొన్ననే సాన పట్టించాను కదా" అంటారు. తిరకాసంతా అక్కడే ఉంది. ప్రతి కోత పన్నుకీ ముందు చిన్న బొడిపె ఒకటి ఉంటుంది, రేకర్ అంటారు, పన్ను ఎంత లోతుకి దిగాలో తేల్చేది అదే. పన్ను పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది గనక సాన పట్టినకొద్దీ దాని ఎత్తు తగ్గుతూ పోతుంది, రేకర్ మాత్రం ఎక్కడిదక్కడే. కొన్ని సానలయ్యేసరికి రెండింటికీ తేడా మిగలదు. పన్ను వేలు తెగేంత పదునుగా ఉంటుంది, కానీ చెక్కని అందుకోలేక పైపైన గీకుతుంది. మీరేమో ఇంకా గట్టిగా నొక్కుతారు, చైన్ తిరిగే పొడవాటి పట్టీ, అదే బార్, వేడెక్కుతుంది, చివరికి పవర్ లేదని తేల్చేస్తారు. సాన పట్టే షాపుల్లో చాలామంది పన్ను రుద్ది చేతికిచ్చేస్తారు, మనం అడిగితే తప్ప రేకర్ ముట్టుకోరు.

పరిష్కారం: రేకర్ గేజ్ అనే చిన్న ఇనుప పట్టీ దొరుకుతుంది. చైన్ మీద పెట్టి, పైకి పొడుచుకొచ్చిన మేర చదును ఆకురాయితో రుద్దండి. మామూలు 3/8 అంగుళాల సైజు చైన్‌కి పన్నుకీ రేకర్‌కీ ఎత్తు తేడా సుమారు 0.65 మి.మీ. ఉంటే చాలు. రెండు రుద్దులు, మళ్ళీ గేజ్, అన్ని పళ్ళకీ ఒకేలా. ఆత్రపడి ఎక్కువ దించితే చైన్ చెక్కని పట్టేసి రంపం ఎగురుతుంది.

చైన్ కొత్తదైనా కోత నెమ్మదిగా, గరుకుగా వస్తోందా? రంపంతో వచ్చేది అడ్డకోత చైన్, పన్ను కోణం 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. పలకలకి 10 డిగ్రీల రిప్పింగ్ చైన్, అంటే నిలువుకోత చైన్, వేయండి.

కోత ఒక పక్కకి లాగితే ఒకవైపు పళ్ళు దెబ్బతిన్నట్టే. రోడ్డు పక్క చెట్లలో బోర్డుల మేకులు, కేబుల్ క్లిప్పులు లోపలికి పూడుకుపోయి ఉంటాయి. మొద్దు చివర నల్లగా నీలి మరక కనబడితే దాని దారిలో ఇనుము ఉందనుకోండి.

పొట్టు రవ్వలా వస్తూ కూడా మోటార్ కుంగుతోందంటే, అప్పుడు నిజంగానే పవర్ సమస్య. 60 సీసీతో అడుగున్నర లోపు వెడల్పు నెట్టుకురావచ్చు. రెండడుగులు దాటితే 90 సీసీ తరగతికి వెళ్ళాల్సిందే, స్టిల్ ఎంఎస్ 661 (91.1 సీసీ) లాంటిది. పలక సమంగా రావడానికి బార్‌కి బిగించే మిల్ ఫ్రేమ్ కూడా బార్‌లో కొన్ని అంగుళాలు తినేస్తుంది, 24 అంగుళాల బార్‌కి 24 అంగుళాల పలక రాదు.

ఎయిర్ ఫిల్టర్ పలక పలకకీ దులపండి. క్లచ్, సైలెన్సర్ జాలీ తంటాలు అరుదు, అవి మెకానిక్ చూసుకుంటాడు.