టీవీకి బయటి స్పీకర్లు – 4వ పాఠం: గుయ్‌మనే మోత

పోయిన పాఠంలో టీవీ వెనక ఆడియో అవుట్ నుంచి ఆంప్లిఫయర్‌కి ఎర్రపిన్ను, తెల్లపిన్ను వైరు కలిపాం. పాట వచ్చింది. పాట ఆపేశాక కూడా స్పీకర్లలో ఏదో మోగుతూనే ఉందా? ఇవాళ దాని సంగతి చూద్దాం.

ముందు స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినండి. ఉస్స్‌మని ఇసుక జారినట్టుంటే పెద్ద బెంగ లేదు. టీవీ వాల్యూమ్ అడుగున పెట్టి ఆంప్లిఫయర్ నిండా తిప్పి ఉంటారు. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి లైను తీసుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటిది. టీవీది ముప్పావు వంతుకి పెంచి, ఆంప్లిఫయర్ తగ్గించండి.

వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడ్డట్టు గుయ్‌మంటుంటే మాత్రం కథ వేరు. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. మీరు వింటున్నది ఆ 50, లేదా దానికి రెట్టింపు 100.

అది పాటలోకి ఎలా దూరింది? ఆంప్లిఫయర్‌ది మూడు పిన్నుల ప్లగ్గయితే దాని బాడీ మీ ఇంటి ఎర్త్‌కి కలిసి ఉంటుంది. కేబుల్ టీవీ వైరు పైనుండే లోహపు అల్లిక ఇంకెక్కడో ఎర్త్ అయి వస్తుంది. రెండు ఎర్త్‌ల మధ్యా కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు, టీవీ, ఆడియో వైరు మీదుగా ఆ రెండూ కలిసేసరికి వలయం పూర్తయి, ఆడియో వైరు లోహపు పైపొరలో కరెంటు పారుతుంది. పాట సిగ్నల్‌కి తిరుగుదారి కూడా ఆ పైపొరే. ఏది పాటో ఏది మోతో ఆంప్లిఫయర్‌కేం తెలుసు, రెంటినీ పెంచి వినిపిస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

ఇప్పుడు దొంగని పట్టుకుందాం. ఏ వైరు పీకాలన్నా ముందు ఆంప్లిఫయర్ వాల్యూమ్ సున్నా చేయండి, లేకపోతే ధబ్‌మని స్పీకర్ కోన్ దెబ్బతింటుంది. ఆంప్లిఫయర్ వైపు ఎర్ర, తెల్ల పిన్నులు తీసి, వాల్యూమ్ మెల్లగా పెంచండి. అప్పటికీ గుయ్‌మంటే లోపం ఆంప్లిఫయర్‌లోనే; అది మెకానిక్ పని. నిశ్శబ్దమైతే పిన్నులు మళ్లీ పెట్టి, ఈసారి సెట్‌టాప్ బాక్సు వెనక మరతిప్పే కేబుల్ వైరు ఊడదీయండి.

మా ఇంట్లో అది ఊడిన క్షణంలో మోత ఆగింది. బిగించనక్కర్లేదు, వైరు అంచు బాక్సు సాకెట్‌కి అలా తగిలిస్తే చాలు, గుయ్! తీస్తే నిశ్శబ్దం. ఈ పరీక్ష చేయడానికి వారం ముందే ఒక మెకానిక్ ఆంప్లిఫయర్ విప్పి, బాగున్న కెపాసిటర్లు మార్చి డబ్బు పట్టుకెళ్లాడు.

మందేమిటి? టీవీకి ఆప్టికల్ అవుట్ ఉంటే అంతకంటే మంచిది లేదు. అందులో నడిచేది వెలుతురు, కరెంటు కాదు. వలయం అక్కడే తెగిపోతుంది. ఆంప్లిఫయర్‌కి ఆప్టికల్ సాకెట్ లేకపోతే మధ్యలో ఆ వెలుతురుని మళ్లీ మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే చిన్న డాక్ బాక్సు పెట్టి, టీవీ మెనూలో డిజిటల్ ఆడియోని పీసీఎమ్‌కి (కుదించని మామూలు డిజిటల్ రూపం) మార్చండి. మార్చకపోతే కొన్ని బాక్సులు నోరు విప్పవు. ఆప్టికల్ లేని టీవీలకి ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టొచ్చు. లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. చవకరకం పెడితే బేస్ పలచబడుతుంది, నాకది నచ్చదు.

చాలామంది చేసే పని ఇంకోటుంది: ప్లగ్గులో లావు పిన్ను విరిచేయడం. మోత పోతుంది, నిజమే. కానీ రేపు లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలితే ఆ కరెంటుకి భూమిలోకి దారి మీ చెయ్యే. ఆ పిన్ను జోలికి పోవద్దు.

ఈ వారం కేబుల్ ఊడదీసే పరీక్ష చేసి, ఫలితం నోట్‌బుక్కులో రాసుకోండి. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడల్లా వచ్చే కిరకిర 5వ పాఠంలో.