మూత్రాశయం తీసేశాక కిడ్నీలు: ఏ లక్షణానికి ఏం చూడాలి

క్యాన్సర్ వల్ల మా నాన్నకి మూత్రాశయం తీసేసి, చిన్నపేగు ముక్కతో పొట్టమీద స్టోమా (మూత్రం బయటి బ్యాగ్‌లోకి వచ్చే ద్వారం) పెట్టారు. బ్యాగ్ మార్చడంలో నెలకే మా అమ్మ చేయి తిరిగింది. కిడ్నీల సంగతే మాకు ఆలస్యంగా తెలిసొచ్చింది.

నొప్పి లేదు, బ్యాగ్ మామూలుగానే నిండుతోంది, క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టే వ్యర్థం, రక్తపరీక్షలో చూస్తారు) మాత్రం పెరిగింది

నీళ్లు తగ్గాయా, విరేచనాలయ్యాయా, మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్ర కొని వేసుకున్నారా? ముందు ఇవి చూడండి. ఇవేవీ కాకపోతే కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే మూత్రనాళం పేగుతో కలిసే అతుకు దగ్గర సన్నబడిందేమో అనుమానించాలి. ఎడమవైపే ఎక్కువ. ఆ నాళాన్ని పెద్దపేగు వెనకనుంచి కుడివైపుకి లాక్కొచ్చి కలుపుతారు, దాంతో చివరికి రక్తం సరిగా అందదు. చాలావరకు మొదటి రెండేళ్లలోనే బయటపడుతుంది. రెండో కిడ్నీ పనిచేస్తుంటుంది కాబట్టి బ్యాగ్ చూస్తే ఏమీ తెలియదు. నాన్నకి 1.1 ఉన్నది 1.7 అయింది. "నాకేం బాధ లేదురా" అంటూనే ఉన్నారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తే ఎడమ కిడ్నీ ఉబ్బిపోయి ఉంది.

కొంచెం ఉబ్బు ఉన్నంత మాత్రాన అడ్డు ఉన్నట్టు కాదు, మూత్రం వెనక్కి ఎగదన్నినా ఉబ్బుతుంది. తేడా డీటీపీఏ స్కాన్‌లో (కిడ్నీనుంచి మూత్రం ఎలా దిగుతోందో చూపే స్కాన్) తెలుస్తుంది. అడ్డే అయితే వీపునుంచి కిడ్నీలోకి సన్నటి గొట్టం వేసి ముందు ఒత్తిడి తీస్తారు. తర్వాత బెలూన్‌తో వెడల్పు చేయడమో, అతుకు మళ్లీ వేయడమో. ఆ చోట క్యాన్సర్ తిరిగి రాలేదని తేల్చుకోవడం కూడా ఇందులో భాగమే.

ఇంకో మాట. ఒళ్లు తగ్గిపోయిన మనిషికి కండ తక్కువ, క్రియాటినిన్ కూడా తక్కువే చూపిస్తుంది. రిపోర్టులో నార్మల్ అని ఉన్నా పాత అంకెతో పోల్చండి.

నీరసం, ఆకలి చచ్చిపోవడం, వికారం

పేగు ఎక్కడ పెట్టినా పేగే, మూత్రంలోంచి కూడా పీల్చుకుంటుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. పరీక్షలో బైకార్బొనేట్ తక్కువ, క్లోరైడ్ ఎక్కువ ఉంటాయి. పేగుతో కొత్త మూత్రాశయం కట్టినవాళ్లకి మూత్రం గంటలకొద్దీ నిలుస్తుంది కాబట్టి ఇది ఎక్కువ. దీనికి మందు డాక్టర్ రాసిన మోతాదులో సోడియం బైకార్బొనేట్ మాత్రలు, కొత్త మూత్రాశయం ఉన్నవాళ్లైతే రాత్రి కూడా అలారం పెట్టుకుని లేచి ఖాళీ చేయడం. వంటసోడా సొంతంగా కలుపుకోకండి, అందులో సోడియం బోలెడు.

చలి, జ్వరం, నడుము పక్క నొప్పి

ఆ రోజే ఆస్పత్రికి. కల్చర్‌కి (బాక్టీరియా పరీక్షకి) బ్యాగ్‌లో మూత్రం ఇవ్వొద్దు, స్టోమాలోకి క్యాథెటర్ (సన్నటి గొట్టం) పెట్టి తీయమనండి. జ్వరం లేకుండా రిపోర్టులో బాక్టీరియా కనిపిస్తే సాధారణంగా యాంటీబయోటిక్ అక్కర్లేదు, పేగు ముక్కలో అవి ఉండేవే.

మూత్రంలో తెల్లటి జిగురు

పేగు వదిలేదే, భయం లేదు. కొత్త మూత్రాశయం ఉన్నవాళ్లకి మూత్రం ఆగిపోతే మాత్రం ఆ జిగురే అడ్డుపడి ఉండొచ్చు. క్యాథెటర్ వేసి సెలైన్‌తో కడగాలి, అదీ వెంటనే.