ఇండియా నుంచి అమెరికాకు దత్తత: ఫైలూ పూజగదీ ఒకే ఇంట్లో ఎలా నడపాలి

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగు జంట ఇండియా నుంచి బిడ్డను దత్తత తెచ్చుకోవాలనుకుంటే గోడకు రెండు క్యాలెండర్లు ఎక్కుతాయి. ఒకటి ఇండియాలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా గడువులది, అమెరికా ఇమిగ్రేషన్ గడువులది. రెండోది పంచాంగం, లేదా చర్చి ఉపవాస ప్రార్థనల పట్టిక. ఈ రెండూ ఎక్కడో ఒకచోట గుద్దుకుంటాయి. గుద్దుకునే చోట్లు ముందే తెలుసు కాబట్టి, ఏది ఆగాలి ఏది ఆగకూడదు అన్నది కూడా ముందే తేల్చుకోవచ్చు.

మొక్కు కంటే ముందు వీసా

అమెరికా, ఇండియా రెండూ 1993 హేగ్ దత్తత ఒప్పందంలో ఉన్నాయి. అందువల్ల అమెరికా వైపు మొదటి కాగితం ఐ-800ఏ, అంటే దత్తతకు మీరు తగినవారని తేల్చే దరఖాస్తు. అది వేయాలంటే దంపతుల్లో కనీసం ఒకరు అమెరికా పౌరులై ఉండాలి. గ్రీన్ కార్డు సరిపోదు, హెచ్-1బీ అసలే సరిపోదు. ఇద్దరూ హెచ్-1బీలో ఉంటే దత్తత తీసుకున్నాక బిడ్డ చట్టబద్ధంగా మీ సంరక్షణలో, మీతోపాటే రెండేళ్లు గడిపితేనే డిపెండెంట్ వీసాకు అర్హత వస్తుంది. అంటే ఒకరు ఇండియాలో రెండేళ్లు ఉండటానికి సిద్ధపడాలి. ఇది తెలియక కారా వారి కేరింగ్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, తిరుపతికి మొక్కుకుని, తర్వాత లాయర్ దగ్గర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ముందు లాయర్, తర్వాత మొక్కు.

ఇండియా వైపు అర్హతలు 2022 దత్తత నిబంధనల్లో ఉన్నాయి. పెళ్లయి కనీసం రెండేళ్లు సజావుగా కాపురం చేసి ఉండాలి. దంపతుల వయసులు కలిపి చూస్తారు: రెండేళ్ల లోపు బిడ్డకు 85, రెండు నుంచి నాలుగేళ్లకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు 100, ఆపైన 110 దాటకూడదు. బిడ్డకూ మీకూ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. దరఖాస్తు మీ అంతట మీరు వేయడం కుదరదు, కారా గుర్తింపు ఉన్న అమెరికా ఏజెన్సీ ద్వారానే వేయాలి. గల్ఫ్‌లో ఉండే తెలుగువాళ్లకు అలాంటి ఏజెన్సీ లేనిచోట భారత రాయబార కార్యాలయమే ఆ పని చూస్తుంది.

అన్నయ్య బిడ్డను తెచ్చుకుందాం అనుకుంటే

మన ఇళ్లలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అన్నకు ముగ్గురు, తమ్ముడికి లేరు. పురోహితుణ్ని పిలిచి దత్త హోమం చేస్తారు, రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకుంటారు, బిడ్డను ఎత్తుకుని కాన్సులేట్‌కు వెళ్తారు. అక్కడ ఆగిపోతుంది. దత్త హోమం లేకపోయినా దత్తత చెల్లుతుందని 1956 నాటి హిందూ దత్తత చట్టమే 11వ సెక్షన్‌లో చెబుతోంది. అలాగని హోమం చేసినంత మాత్రాన దేశం దాటడానికి దారి తెరుచుకోదు. ఆ చట్టం కింద జరిగిన దత్తతకు కూడా బిడ్డ దేశం దాటాలంటే కారా నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. అమెరికా వైపు ఇంకో ముడి ఉంది: ఫలానా బిడ్డ కోసమని వేసే ఐ-800 దరఖాస్తుకు తాత్కాలిక ఆమోదం రాకముందే దత్తత పూర్తి చేస్తే, ఆ దత్తత రద్దయ్యేదాకా దరఖాస్తును తోసిపుచ్చుతారు. పైగా కన్న తల్లిదండ్రులిద్దరూ బతికుంటే, వాళ్లు ఆ బిడ్డను సరిగ్గా సాకలేని స్థితిలో ఉన్నారని చూపించాలి. రెండెకరాలూ ఉద్యోగమూ ఉన్న అన్నయ్య విషయంలో అది చూపించడం చాలా కష్టం.

బాల న్యాయ చట్టం ప్రకారం బంధువంటే బిడ్డకు పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాతలు, నానమ్మ, అమ్మమ్మ. కజిన్ పిల్లలు ఈ లెక్కలోకి రారు. ఇంట్లో పెద్దవాళ్లు అన్నావదినలకు మాట ఇవ్వకముందే ఈ పేరా చదివి వినిపించండి.

వరుస తప్పకూడదు

ఐ-800ఏ ఆమోదం, కారాకు ఫైలు, బిడ్డ రిఫరల్ (ఫలానా బిడ్డ వివరాలు మీకు పంపడం), మీ అంగీకారం, ఐ-800 తాత్కాలిక ఆమోదం, ఆ బిడ్డ అమెరికా వెళ్లవచ్చంటూ హేగ్ 5వ అధికరణ కింద ఇచ్చే లేఖ, కారా ఎన్‌ఓసీ, జిల్లా మేజిస్ట్రేట్ దత్తత ఉత్తర్వు, దత్తత ఒప్పందం ప్రకారమే జరిగిందని చెప్పే హేగ్ 23వ అధికరణ ధ్రువపత్రం, బిడ్డ పాస్‌పోర్టు, వీసా. 2022 సెప్టెంబర్ నుంచి ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, మేజిస్ట్రేటే. దరఖాస్తు చేరిన రెండు నెలల్లో తేల్చాలని చట్టం. ఆచరణలో అంతకు మించి సాగినా ఆశ్చర్యపోకండి.

కాగితాలు ఎక్కువగా పాడయ్యేది కాలం తీరడం వల్ల. సోషల్ వర్కర్ మీ ఇంటినీ మిమ్మల్నీ చూసి రాసే నివేదిక, అంటే హోమ్ స్టడీ, ఇండియా లెక్కలో మూడేళ్లు చెల్లుతుంది, ఐ-800ఏ ఆమోదం 15 నెలలే. ఎదురుచూపు అంతకంటే సాగితే పొడిగింపు కోరాలి, అదీ గడువుకు 90 రోజుల లోపే. కాబట్టి ఆ ఆమోదం వచ్చిన రోజే పన్నెండో నెల మీద ఎర్ర సిరాతో గుండ్రం చుట్టండి. ఇల్లు మారినా, ఉద్యోగం పోయినా, కడుపు పండినా హోమ్ స్టడీని సవరించాల్సిందే. ఇంట్లో ఐదేళ్లు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ సమ్మతి కూడా ఫైలులో ఉండాలి.

ఖర్చులో తేలేది ఒకటే: విదేశీ దత్తతలో బిడ్డ సంరక్షణ కింద ఇండియాలో కట్టాల్సింది 5,000 డాలర్లు. ఏజెన్సీ రుసుము, ప్రయాణం, బస వేరు. రసీదు లేకుండా ఎవరైనా 'కొంచెం త్వరగా చూస్తాం' అంటే లేచి వచ్చేయండి. 1999లో, 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల నుంచి పసిపిల్లలను కొని దత్తతకు పంపిన వ్యవహారాలు బయటపడ్డాయి. ఇప్పటి నిబంధనలు ఇంత బిగుతుగా ఉండటానికి అలాంటి కుంభకోణాలు ఒక కారణం. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఉంటాయి. ఆ 60 రోజులు త్వరగా గడిచిపోవాలని ఏ దేవుణ్నీ వేడుకోకండి. అవి ఆ తల్లివి.

96 గంటలు

విదేశాల్లో ఉన్నవాళ్లకు రిఫరల్ వచ్చాక బిడ్డను రిజర్వ్ చేసుకోవడానికి 96 గంటలే గడువు. ఆ తర్వాత రిజర్వ్ చేసిన రోజు నుంచి 30 రోజుల్లో బిడ్డ వివరాల నివేదిక, వైద్య నివేదికల మీద సంతకం పెట్టి అంగీకారం తెలపాలి. ఇండియా మీకంటే తొమ్మిదిన్నర గంటల నుంచి పదమూడున్నర గంటల దాకా ముందు ఉంటుంది కాబట్టి మెయిల్ రాత్రిపూట రావడం మామూలే.

అది శుక్ర మూఢంలో రావచ్చు, ఆషాఢంలో రావచ్చు, అమావాస్య నాడు రావచ్చు. శుక్ర మూఢం ఒక్కోసారి నెల పైనే నడుస్తుంది, పోర్టల్ గడియారం మాత్రం నాలుగు రోజుల్లో ఆగిపోతుంది. ముహూర్తం కోసం ఆగి రెండో రోజు పోగొట్టుకుని, మూడో రోజు మామగారి ఫోను కోసం ఆగి, నాలుగో రోజు హడావిడిగా 'వద్దులే' అనేవాళ్లున్నారు. అందుకే రిఫరల్ రాకముందే ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి దేవుడి పటం వెనక పెట్టుకోండి:

'రిఫరల్ వస్తే ముహూర్తం చూడం. జాతకం వేయించం. డాక్టరు మాట విన్నాక ఇద్దరమే కూర్చుని తేల్చుకుంటాం. వద్దనుకుంటే ఆ నిర్ణయం ఇద్దరిదీ.'

జాతకం సంగతి. వదిలేసిన స్థితిలో దొరికిన బిడ్డ పుట్టిన తేదీ చాలాసార్లు డాక్టరు అంచనా వేసినదే. ఆ తేదీకి పుట్టిన సమయం ఉండదు, ఊరు ఉండదు. దాని మీద వేసిన జాతకం పంచాంగ శాస్త్రం ప్రకారమే చెల్లదు. తర్వాత నామకరణానికి నక్షత్రం కావాలంటే, జన్మ నక్షత్రం తెలియనివారికి పేరు మొదటి అక్షరాన్ని బట్టి నామ నక్షత్రం చూసే పద్ధతి మనకు ఉండనే ఉంది. గోత్రం అడిగితే మీదే చెప్పండి. ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి బిడ్డ అన్ని విధాలా మీ బిడ్డే, వారసత్వంతో సహా.

ఈ నాలుగు రోజుల్లో నిజంగా చూడాల్సింది వైద్య నివేదిక. దత్తత పిల్లల రికార్డులు చదవడం అలవాటున్న పిల్లల డాక్టరును ముందే మాట్లాడి ఉంచుకోండి. బరువు, ఎత్తు, తల చుట్టుకొలత తేదీలతో సహా కనీసం మూడు సార్లవి అడగండి. ఒక్క కొలత ఏమీ చెప్పదు, గీత పైకి వెళ్తోందా కిందికి జారుతోందా అన్నదే చెబుతుంది. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హిమోగ్లోబిన్ ఫలితాలు చూడండి. గిరిజన ప్రాంతాల బిడ్డయితే సికిల్ సెల్ పరీక్ష జరిగిందో లేదో అడగండి. బిడ్డ నడుస్తున్న, వస్తువు పట్టుకుంటున్న నిమిషం వీడియో దొరికితే పది పేజీల కాగితం కంటే మేలు.

ప్రార్థన గ్రూపులో ఫొటో పెట్టకండి

చర్చి వాట్సాప్ గ్రూపులో 'ఈ పాప కోసం ప్రార్థించండి' అని రిఫరల్ ఫొటో పెట్టడం, సత్సంగం గ్రూపులో పేరూ ఊరూ రాయడం ప్రేమతో చేసే పనే. కానీ బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ దత్తతకు వచ్చే బిడ్డ గుర్తింపును ఏ మాధ్యమంలోనూ బయటపెట్టొద్దంటుంది. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 'మా ఇంటికి రాబోయే బిడ్డ కోసం' అంటే చాలు, దేవుడికి పేరు చెప్పనక్కర్లేదు.

అలాగే తేదీలు చెప్పేవాళ్లకు దూరంగా ఉండండి. 'జూన్‌కల్లా మీ ఒళ్లో బిడ్డ ఉంటుందని నాకు దర్శనం వచ్చింది' అన్న సహోదరి, 'కార్తీకం దాటదు' అన్న జ్యోతిష్యుడు ఇద్దరూ ఒకటే పని చేస్తున్నారు. కొత్త సంవత్సరం రాత్రి తీసుకున్న వాగ్దాన కార్డును ధైర్యం కోసం చదువుకోండి, గడువు తేదీగా కాదు. జూన్ వెళ్లిపోయాక పోయేది నమ్మకం ఒక్కటే కాదు. మన ప్రార్థనలో లోపమేమోనని భార్యాభర్తల్లో ఒకరు రెండో వాళ్లను అనుమానించడం మొదలవుతుంది. 41 రోజుల దీక్షలు, వరుస ఉపవాసాలు హోమ్ స్టడీ సందర్శనలప్పుడు పెట్టుకోకండి. నీరసంగా కూర్చున్న మనిషిని సోషల్ వర్కర్ నీరసంగానే రాస్తుంది. రోజూ సాయంత్రం దీపం, పది నిమిషాలు, బిడ్డ సంగతి ఒక్క మాట. నెలలకు నెలలు సాగే పనికి అదే నిలుస్తుంది.

ముస్లిం కుటుంబాల సంగతి వేరు. 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు బాల న్యాయ చట్టం కింద ఏ మతంవారైనా దత్తత తీసుకోవచ్చని చెప్పింది. మతపరంగా కఫాలా పద్ధతినే పాటించేవారు బిడ్డ పేరు, వీలునామా విషయాలు ఇమామ్‌తోనూ లాయర్‌తోనూ ఒకేసారి మాట్లాడుకోవాలి. కఫాలా సంరక్షణే గానీ దత్తత కాదు, ఐ-800కు అది సరిపోదు.

బిడ్డ చేతికొచ్చిన మొదటి వారాలు

బిడ్డను తీసుకోవడానికి తల్లిదండ్రులే స్వయంగా వెళ్లాలి. హైదరాబాద్ శిశువిహార్ నుంచో, ఆంధ్రా శిశుగృహ నుంచో వస్తే తెలుగు మాటలు ఉంటాయి. ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వస్తే ఉండవు. 'నీళ్లు, ఆకలి, బాత్రూం, నొప్పి, నిద్ర' ఈ ఐదు మాటలు బిడ్డ భాషలో నేర్చుకుని వెళ్లండి. అక్కడి ఆయాను మూడు ప్రశ్నలు అడగండి: ఎలా పడుకోబెడతారు, అన్నంలో ఏం కలుపుతారు, ఏడిస్తే ఏమని పిలుస్తారు. ఒంటి మీద ఉన్న గౌను ఉతక్కుండా తెచ్చుకోండి. కొత్త పక్కలో ఆ వాసన ఒక్కటే పాతది.

మొదటి స్నానం నానమ్మ నలుగుతో, కుంకుడుకాయతో చేయించాలని ఉబలాటపడుతుంది. వద్దు. బకెట్ నీళ్లు, చిన్న చెంబు బిడ్డ చేతికే ఇవ్వండి, పోసుకోనివ్వండి. గడప దగ్గర హారతి ఇవ్వాలంటే ఇద్దరుంటే చాలు. ఇరవై గంటల విమాన ప్రయాణం తర్వాత ముప్పై మంది కొత్త ముఖాల మధ్య కర్పూరం మంట ముఖానికి దగ్గరగా వస్తే మూడేళ్ల బిడ్డకు అది మంగళహారతి అని తెలియదు. దిష్టి తీయాలంటే ఎర్రనీళ్లు చాలు, మిరపకాయల పొగ వద్దు.

బిస్కెట్లు, ఇడ్లీ ముక్కలు దిండు కింద దాచుకుంటే తిట్టకండి. ఒక డబ్బాలో మరమరాలో అరటిపండో పెట్టి చేతికందే చోట ఉంచండి, ఖాళీ కాకుండా చూడండి. డబ్బా ఎప్పుడూ నిండే ఉంటుందని నమ్మకం కుదిరాక దాచడం తగ్గుతుంది.

పుట్టువెంట్రుకల మొక్కు ఉంటే మొదటి ఏడాది వదిలేయండి. సంస్థల్లో పేల కోసం గుండు కొట్టడం మామూలే. ఆ కత్తెర, ఆ కుర్చీ బిడ్డకు దేనితో ముడిపడి ఉన్నాయో మీకు తెలియదు. తిరుమల కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి తెలియని జనం మధ్య కూర్చోబెట్టడమూ అంతే. మొక్కుకున్నది మీరు కాబట్టి మీ జుట్టు ఇచ్చి రండి. బాప్తిస్మం విషయంలోనూ ఇదే మాట: బిడ్డ మీ చెయ్యి వదిలి మరొకరి చేతుల్లోకి ఏడవకుండా వెళ్లేదాకా ఆగండి.

ఏడెనిమిదేళ్ల బిడ్డ తన దేవుడితోనే రావచ్చు. అన్నం ముందు సిలువ గుర్తు వేసుకునే అమ్మాయి పూజగది ఉన్న ఇంటికి వస్తే చెయ్యి పట్టుకుని ఆపకండి. పాత పేరును కొట్టేయకండి, మధ్య పేరుగానైనా ఉంచండి. 'ఎవరి పిల్లో, ఏ కులమో' అని పెళ్లి పందిట్లో ఎవరైనా అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. 'మా అమ్మాయేనండీ' అని చెప్పి పులిహోర వడ్డించడానికి లేవండి. ఇంట్లోని పెద్ద బిడ్డకూ ఇదే జవాబు నేర్పండి, బడిలో అడిగేది వాడినే.

ఇండియాలో దత్తత పూర్తయిన బిడ్డకు ఇచ్చే ఐహెచ్-3 వీసా మీద దిగిన 18 ఏళ్ల లోపు బిడ్డ, పౌరులైన తల్లితోనో తండ్రితోనో నివాసం ఉండటానికి వస్తే, 2000 నాటి బాలల పౌరసత్వ చట్టం ప్రకారం అడుగుపెట్టిన రోజే అమెరికా పౌరసత్వం పొందుతుంది. ధ్రువపత్రం పోస్టులో వస్తుంది, పేరు అక్షరాలు సరిచూసుకుని లాకర్‌లో పెట్టండి. విదేశీ దత్తత పన్ను క్రెడిట్ దత్తత పూర్తయిన సంవత్సరంలోనే అడగాలి, ముందు ఏళ్ల రసీదులు అప్పటిదాకా దాచండి. ఆ తర్వాత రెండేళ్లలో ఆరు నివేదికలు: మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి. సోషల్ వర్కర్ వచ్చే రోజున బిడ్డకు పట్టు లంగా కట్టి కూర్చోబెట్టకండి. రాత్రుళ్లు ఎన్నిసార్లు లేస్తోందో, తిండి దగ్గర ఏం జరుగుతోందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. థెరపిస్టు పేరు ఆమె దగ్గరే దొరుకుతుంది.