చెరువు నీటి కలక, జంతు ప్లవకాలు: రెండింటినీ కలిపి చూసే పద్ధతి

మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో వానాకాలపు వరద చాలాచోట్ల ఎర్రచెలకల మీదుగా చెరువుల్లోకి దిగుతుంది కనుక, ఆ నీరు తేరుకునే వరకు ఎర్రగా, చిక్కగా ఉంటుంది. చేపపిల్లలను వదిలే కాలం కూడా ఇంచుమించు అదే. నీరు కలకగా ఉంటే చెరువు చెడ్డదని, తేటగా ఉంటే మంచిదని తీర్మానించకూడదు. ఆ కలక దేనివల్ల వచ్చిందో, అందులోని జంతు ప్లవకాల (నీటిలో తేలుతూ బతికే చిన్న జీవుల) కడుపులోకి ఏం పోతున్నదో చూశాకే మాట్లాడాలి. బొచ్చె చేపకు ఇవే ముఖ్యమైన ఆహారం కాబట్టి మత్స్య సహకార సంఘాలు ఈ పరిశీలన తప్పక చేయాలని నా అభిప్రాయం.

ముందుగా కలకను కొలవాలి. 20 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేసి, అడుగున బరువు కట్టి, కొలత గుర్తులున్న తాడుకు వేలాడదీస్తే సెక్కి డిస్కు తయారవుతుంది. ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కి 1865లో సముద్రం మీద పరీక్షించిన పద్ధతి ఇది. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య, తెప్ప నీడ పడే వైపు నుంచి దించి, రేకు కనుమరుగైన లోతును, పైకి లాగేటప్పుడు మళ్లీ కనిపించిన లోతును రాసుకుని సగటు తీయాలి. గేదెలు దిగి కలచిన రేవులో తీసిన కొలత పనికిరాదు.

చేపల చెరువులో 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతు వరకు రేకు కనిపిస్తే మంచిదంటారు. ఆ మాట వృక్ష ప్లవకాల (నీటిలో తేలే నాచుకణాల) వల్ల పచ్చబడిన నీటికే చెల్లుతుంది. బంకమన్ను వల్ల అదే కొలత వస్తే దాని అర్థం వేరు. గాజు సీసాలో నీరు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే ఒండ్రు అడుగున పేరుకుంటుంది. సన్నని బంకమన్ను రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది కాబట్టి రంగును కూడా గమనించాలి.

తర్వాత 50 లీటర్ల నీటిని సన్నని ప్లాంక్టన్ వలలో వడగట్టి, వలలో మిగిలినదాన్ని కొలగొట్టంలో పోసి తేరనివ్వాలి. చిన్న చేపపిల్లలను పెంచే నర్సరీ చెరువుల్లో 1 నుంచి 2 మిల్లీలీటర్ల ప్లవకాలు చేరితే చాలునంటారు. అయితే ఎర్రనీటిలో మన్ను కూడా గొట్టం అడుగుకు చేరి లెక్కను పెంచుతుంది కనుక, భూతద్దంతోనో, బడిలోని మైక్రోస్కోపుతోనో చూడకుండా ఆ అంకెను నమ్మవద్దు. తేటనీటిలో జంతు ప్లవకాలు చాలావరకు పగలు లోతుకు దిగి రాత్రి పైకి వస్తాయి. అందువల్ల ప్రతిసారీ ఒకే వేళకు, ఒకే లోతు నుంచి నీరు తీయాలి.

అద్దం కింద డాఫ్నియా, మోయినా అనే జంతు ప్లవకాల్లో ఒకదాన్ని బతికుండగానే చూడండి. దాని ఒళ్లు పారదర్శకంగా ఉండటం వల్ల ఒంపు తిరిగిన పేగు స్పష్టంగా కనిపిస్తుంది. పేగు పచ్చగా ఉంటే అది నాచుకణాలను తింటున్నట్టు; మట్టిరంగులో ఉంటే సారంలేని మన్నుతో కడుపు నిండుతున్నట్టు. ఈ జీవులు నీటిని వడగట్టి తింటాయి, ఏ రేణువు ఏదో పెద్దగా ఎంచుకోలేవు; మన్ను ఎక్కువైన కొద్దీ వాటి ఎదుగుదల, గుడ్ల సంఖ్య తగ్గుతాయి. పైగా కలకనీటిలో వెలుతురు లోతుకు చేరక నాచు కూడా తక్కువగా పెరుగుతుంది. రోటిఫెర్లనే మరింత చిన్న జంతు ప్లవకాలు ఆహారాన్ని కొంత ఏరుకోగలవు గనుక అలాంటి నీటిలో తరచుగా వాటిదే పైచేయి అవుతుంది. మరోవైపు, చూపుతో వేటాడే చేపలకు కలకనీటిలో ఎర దూరం నుంచి కనబడదు కాబట్టి, కొద్దిపాటి కలక పెద్ద ప్లవకాలకు రక్షణ కూడా ఇస్తుంది. అందుకే కలకను పూర్తిగా పోగొట్టాలని చూడనక్కరలేదు.

మన్ను అదుపు తప్పితే వరద వచ్చే కాలువ ఒడ్డున గడ్డి పెంచాలి, పూడికమట్టిని ఆ దారిలో కుప్పలు పోయకూడదు, అడుగును తవ్వి తినే బంగారుతీగ పిల్లలను తగ్గించాలి. వరద ఆగాక వారానికోసారి కొలుస్తూ, రేకు కనిపించే లోతు పెరిగి, డాఫ్నియా పేగుల్లో పచ్చదనం తిరిగి కనిపించాకే బొచ్చె పిల్లలను వదలాలి.